డిస్లెక్సియా ఉన్న పిల్లలకు ఏది ముందు: పాఠమా, ధ్రువపత్రమా, బోర్డు మార్పా?

డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే తీరు, ఉన్న పిల్లల తల్లిదండ్రుల నుంచి ఫిబ్రవరి రాగానే నాకు ఫోన్లు పెరుగుతాయి. "మేడమ్, పదో తరగతి పరీక్షకు స్క్రైబ్ కావాలంటే ఏ సర్టిఫికెట్ పెట్టాలి?" అని ఒకరు అడుగుతారు. "ఈ ఏడాదికి ఆపేసి ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టమంటారా?" అని ఇంకొకరు. "సీబీఎస్ఈ నుంచి తీసి స్టేట్ సిలబస్‌లో వేస్తే సులువంటున్నారు, నిజమేనా?" అని మరొకరు. అన్నీ న్యాయమైన ప్రశ్నలే. కానీ "మా వాడికి చదవడం ఎవరు నేర్పుతారు?" అని జూన్‌లో ఫోను చేసేవారు అరుదు.

నేను మొదట తెలుగు పంతులమ్మను. ప్రత్యేక విద్యలో శిక్షణ ఆ తర్వాత తీసుకున్నాను. శిక్షణకు ముందు, అయిదో తరగతి అబ్బాయి ఒకడు 'లక్ష్మి' అని రాయలేకపోతే వంద సార్లు రాయించాను. తొంభయ్యోసారి కూడా 'లక్మి' అనే రాశాడు. వాడిది బద్ధకం కాదని, నా మందే తప్పని తెలియడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. కాబట్టి కింది సలహాల్లో కొంత పశ్చాత్తాపం కూడా కలిసి ఉంది.

ఈ పిల్లలకు దొరికే సాయం మూడు రకాలు. చదవడం, రాయడం నేర్పేది ఒకటి. అవి నెమ్మదిగా ఉన్నా పాఠం అందేలా, పరీక్ష రాయగలిగేలా చేసేది రెండోది: అదనపు సమయం, చెబితే రాసిపెట్టే స్క్రైబ్, పాఠాన్ని చదివి వినిపించే ఫోను వంటివి. మోసే బరువునే తగ్గించేది మూడోది: ఒక భాష మానేయడం, బోర్డు మారడం, రోజూ బడికి వెళ్లకుండా పరీక్ష రాసే ఓపెన్ స్కూల్. వీటిలో ఏది మంచిదని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పెద్ద పరీక్షకు ఇంకెన్నేళ్లుందో చెబితే జవాబు ఉంటుంది. రెండో తరగతి బిడ్డకు మొదటి రకమే దాదాపు సర్వస్వం. ఆరు, ఏడు తరగతుల్లో మొదటిదీ రెండోదీ కలిసి నడవాలి. తొమ్మిదో తరగతి చివర్లో విషయం బయటపడితే రెండోది ముందు, అవసరమైతే మూడోది, తీరిక దొరికినప్పుడు మొదటిది. ఎక్కువమంది తల్లిదండ్రులు మాత్రం మూడో దానితో మొదలుపెడతారు. ఫీజు కట్టి ఫారం నింపితే అయిపోయే పని అదొక్కటే మరి.

ముందు ఇంట్లో ఒకసారి చూసుకోండి

కళ్లు, చెవులు పరీక్ష చేయించాక ఒక సాయంత్రం కూర్చోండి. బిడ్డ చూడని కథ ఒకటి మీరు చదివి వినిపించి నాలుగు ప్రశ్నలు అడగండి. అంతే కష్టమున్న మరో కథను తనచేత చదివించి నాలుగు ప్రశ్నలు అడగండి. విన్నప్పుడు గడగడా చెప్పి, చదివినప్పుడు తడబడితే సమస్య తెలివిలో లేదు, అక్షరాన్ని పలుకుగా మార్చే దారిలో ఉంది. రెండింటిలోనూ ఒకేలా తడబడితే అది వేరే విషయం కావచ్చు, అప్పుడు చదవడం విడిగా నేర్పే రెమెడియల్ తరగతి కంటే ముందు పిల్లల వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఇది నిర్ధారణ కాదు, ఏ తలుపు ముందు తట్టాలో చెప్పే గుర్తు మాత్రమే.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. తెలుగు అక్షరం మాట తప్పదు. 'క' ఎక్కడున్నా 'క'. ఇంగ్లీషులో 'కఫ్', 'దో', 'త్రూ' అనే మూడు మాటలూ ఒకే నాలుగు అక్షరాలతో ముగుస్తాయి, పలకడం మాత్రం మూడు తీరులు. అందుకే డిస్లెక్సియా తెలుగులో తప్పులుగా కంటే నిదానంగా కనిపిస్తుంది. కూడబలుక్కుంటూ అయినా చివరికి సరిగ్గానే చదువుతాడు. తెలుగు టీచరు "వాడు కాస్త నెమ్మది, అంతే" అంటుంది. ఇంగ్లీషు టీచరు "వాడికి ఏమీ రాదు" అంటుంది. ఇద్దరూ ఒకే పిల్లవాడి గురించి మాట్లాడుతున్నారని స్టాఫ్ రూములో ఎవరికీ తట్టదు.

రాయడం దగ్గరికొస్తే తెలుగు కూడా కనికరం చూపదు. 'స్త్రీ' తీసుకోండి. నోటితో చిట్టచివర పలికే దీర్ఘం కాగితం మీద మొదటి హల్లు నెత్తిన కూర్చుంటుంది, మధ్యలో పలికే రెండు హల్లులూ కిందికి జారుతాయి. నా విద్యార్థిని ఓడించిన 'లక్ష్మి'లో ఒత్తు కింద మరో ఒత్తు, చివరి గుడి వెళ్లి 'క' మీద. మ-య, ప-ష, ద-ధ-థ జంటల మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. నోటు పుస్తకంలో దీర్ఘాలు పోవడం, ఒత్తులు మారడం, గుణింతం తారుమారు కావడం ఏళ్ల తరబడి కొనసాగితే అది నిర్లక్ష్యం కాకపోవచ్చు.

ట్యూషనా, రెమెడియల్ తరగతా?

మామూలు ట్యూషన్ బడిలో చెప్పిన పాఠాన్నే మళ్లీ చెబుతుంది, హోంవర్క్ పూర్తి చేయిస్తుంది. వచ్చే నెల యూనిట్ టెస్టులో నాలుగు మార్కులు పెరగవచ్చు. చదవడం మాత్రం అక్కడే ఉంటుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. రెమెడియల్ తరగతి సిలబస్‌ను పక్కన పెట్టి, మాటను పలుకులుగా విడదీయడం దగ్గర మొదలవుతుంది. చప్పట్లతో మాటను ముక్కలు చేయడం, పలుకుతూ ఇసుక పళ్లెంలో వేలితో రాయడం, ఆకారం కలిసే అక్షరాలను ఒకేసారి నేర్పకుండా దూరదూరంగా నేర్పడం, ఒక ఒత్తు కుదిరాకే రెండోది ఎత్తుకోవడం, ఒకే పేరాను నాలుగు రోజులు చదివించడం. అమెరికాలో 1930లలో ఆర్టన్ అనే వైద్యుడు, గిలింగ్‌హామ్ అనే అధ్యాపకురాలు రూపు దిద్దిన పద్ధతి దీనికి మూలం. తెలుగుకు అన్వయించేటప్పుడు వర్ణమాల వరుసను వదిలేయగలిగిన టీచరే మంచి టీచరు. 'అ ఆ ఇ ఈ' నుంచి మళ్లీ మొదలుపెట్టేవారిని నేను కొంచెం అనుమానంగా చూస్తాను.

ఒక మాట ముందే చెప్పాలి. రెమెడియల్ తరగతిలో మొదటి మూడు నాలుగు నెలలు మార్కుల్లో ఏమీ కనిపించదు. అక్కడే చాలామంది మానేస్తారు. వారానికి మూడు నాలుగు రోజులు, ఏడాదికి తక్కువ కాకుండా సమయం పెట్టలేకపోతే మొదలుపెట్టి ఆపడం కన్నా, ఇంట్లోనే రోజుకు ఇరవై నిమిషాలు బిడ్డతో గొంతు కలిపి చదవడం మేలు. మీరూ బిడ్డా ఒకే వాక్యాన్ని కలిసి చదవండి. తను ధైర్యంగా చదివే చోట మీరు గొంతు తగ్గించండి. తడబడిన మాటను మీరే అందించి ముందుకు సాగండి, అక్కడ ఆపి పాఠం చెప్పకండి.

టీచరును ఎంచుకునేటప్పుడు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ ఉందేమో అడగండి. మొదటి రోజు ఏం పరీక్షిస్తారు, మూడు నెలల తర్వాత తేడాను దేనితో కొలుస్తారు, బడిలో టీచరుతో మాట్లాడతారా అని కూడా అడగండి. "మూడు నెలల్లో పూర్తిగా నయం చేస్తాం" అంటే చెప్పులు వేసుకుని బయటికి రండి. డిస్లెక్సియా జబ్బు కాదు, నయం కావడానికి. రంగు అద్దాలు, కంటి వ్యాయామాల మాటకొస్తే, అమెరికా పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు 2009లోనే కలిసి ప్రకటన ఇచ్చాయి: డిస్లెక్సియాకు అవి పనిచేస్తాయనడానికి తగిన ఆధారం లేదని. ఆ డబ్బు పెట్టి అక్షరాలు పెద్దగా, వరుసల మధ్య ఖాళీ ఎక్కువగా ఉండేలా పాఠాలను జిరాక్స్ తీయించినా అంతకంటే లాభం.

డబ్బు లేనివారి సంగతి? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష పథకం కింద భవిత కేంద్రాలున్నాయి, వాటిలో ప్రత్యేక ఉపాధ్యాయులుంటారు. అవి ఎక్కువగా ఇతర వైకల్యాలున్న పిల్లలతోనే నిండి ఉంటాయి కనుక "మా అమ్మాయి నడవగలదు, మాట్లాడగలదు, చదవడం ఒక్కటే కష్టం" అని స్పష్టంగా చెప్పి అడగాలి. జిల్లా ఆసుపత్రుల్లోని సత్వర చికిత్సా కేంద్రాల్లో ప్రాథమిక పరీక్ష ఉచితం. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. అది మేధో వైకల్యం మీద పనిచేసే సంస్థ. ఆ పేరు చూసి బెదరకండి, డిస్లెక్సియా మేధో వైకల్యం కాదు.

బడి, మాధ్యమం

బడి మార్చే ముందు ఉన్న బడిని నాలుగు అడిగి చూడండి. తరగతిలో హఠాత్తుగా లేపి చదివించకూడదు. సైన్సు, సోషల్ జవాబుల్లో అక్షర దోషాలకు మార్కులు కోయకూడదు. బోర్డు మీది నోట్సు ఎక్కించుకోవడానికి బదులు ఫొటో తీసుకోనివ్వాలి. యూనిట్ టెస్టుల్లో కొన్ని జవాబులు నోటితో చెప్పనివ్వాలి. వీటికి పైసా ఖర్చు లేదు. నాలుగింట్లో రెండింటికి ఒప్పుకున్న బడి, పేరు గొప్ప కొత్త బడి కన్నా నయం. "ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు" అని మొదటి దగ్గరే ఆపేసిన బడి నుంచి మాత్రం తీసేయండి. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, రోజూ స్లిప్ టెస్టు, రాత్రి తొమ్మిది దాకా స్టడీ అవర్ పెట్టే బడి ఈ పిల్లలకు ఎంత మాత్రం సరిపడదు. అక్కడ కొలిచేది వేగాన్నే. వీళ్ల దగ్గర లేనిది అదే.

పూర్తిగా వీరికోసమే నడిచే బడులు దేశంలో తక్కువ. చెన్నైలో మద్రాస్ డిస్లెక్సియా అసోసియేషన్ 1990ల తొలినాళ్ల నుంచి పనిచేస్తోంది. కొంతకాలం పూర్తి సమయం నేర్పి మళ్లీ మామూలు బడికి పంపడం అక్కడి పద్ధతి. నాలుగో తరగతికి కూడా చిన్న వాక్యం చదవలేని బిడ్డ విషయంలో అలాంటి ఒకటి రెండేళ్ల విరామం గురించి ఆలోచించవచ్చు. స్వల్పంగా, మధ్యస్థంగా ఉన్నవారిని స్నేహితుల నుంచి విడదీయడం నాకు ఇష్టం ఉండదు.

మాధ్యమం మార్చమని అడిగేవారికి నా లెక్క ఇది: మూడో తరగతిలోపు అయితే తెలుగు మాధ్యమానికి రావడం మంచిదే, చదవడమనే విద్య నమ్మకమైన లిపిలో ముందు పట్టుబడుతుంది. ఆరు దాటాక మార్చవద్దు. అప్పటికి 'కిరణజన్య సంయోగక్రియ' కూడా ఇంగ్లీషంత పరాయి మాటే. ప్రభుత్వ బడుల్లో ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వస్తున్న పుస్తకాలు ఈ పిల్లల కోసం వేసినవి కాకపోయినా వీళ్లకే ఎక్కువ ఉపయోగం. ఇంట్లో తెలుగు పేజీ విని అర్థం చేసుకుని బడిలో ఇంగ్లీషు పేజీ తెరవవచ్చు.

భాషల సంఖ్య వేరే గొడవ. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రెండో, మూడో భాష నుంచి మినహాయింపును ప్రస్తావిస్తుంది. తెలంగాణలో 2018 చట్టంతో అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగు తప్పనిసరి అయింది కనుక హైదరాబాద్‌లో సీబీఎస్ఈ బిడ్డకు ఇంగ్లీషు, హిందీ, తెలుగు మూడూ తగులుతాయి. వదిలే అవకాశం దొరికితే ఇంట్లో వినిపించని భాషను వదలండి. అమెరికాలో ఉన్న మన కుటుంబాల్లో కొందరు "ఇంట్లో తెలుగు మానేస్తే ఇంగ్లీషు బాగుపడుతుంది" అని బిడ్డతో తెలుగు మాట్లాడటమే ఆపేస్తారు. రెండు భాషలు వినడం వల్ల డిస్లెక్సియా రాదు, ఒకటి ఆపితే పోదు. అమ్మమ్మతో మాట మాత్రం పోతుంది. అక్కడ అడగాల్సింది వేరు: తరగతిలో సౌకర్యాలు చాలు అనుకుంటే 504 ప్లాన్, ప్రత్యేకంగా కూర్చోబెట్టి నేర్పాలంటే ఐఈపీ అనే వ్యక్తిగత విద్యా ప్రణాళిక. బడి మొదటిది త్వరగా ఇస్తుంది. చిన్న తరగతుల్లో కావలసింది రెండోదే.

ఏ బోర్డు?

రాష్ట్ర బోర్డులో భాషలు మూడు. ఆంధ్రప్రదేశ్ పదో తరగతిలో హిందీకి 35 కాదు, 20 వస్తే చాలు. ఆ వెసులుబాటు ఎవరికైనా ఉంది. ప్రశ్నల తీరు పరిచితం, ఊళ్లో స్క్రైబ్ దొరకడం సులువు. రాయితీల దరఖాస్తు హెడ్మాస్టర్ ద్వారా వెళ్తుంది కనుక ఆయన శ్రద్ధను బట్టి మీ అదృష్టం.

సీబీఎస్ఈలో నిబంధనలు కాగితం మీద ఎక్కువ స్పష్టంగా ఉంటాయి. గంటకు 20 నిమిషాల చొప్పున మూడు గంటల పేపరుకు గంట అదనం, స్క్రైబ్ లేదా చదివి వినిపించే మనిషి, మూడో భాష నుంచి మినహాయింపు, పదో తరగతిలో రెండు భాషలకు బదులు ఒకటే తీసుకునే వీలు. లెక్కల్లో బేసిక్, స్టాండర్డ్ అని రెండు స్థాయిలున్నాయి. కానీ ప్రశ్నపత్రంలో చదవాల్సిన పేరాలు చాలా పొడుగు. నెమ్మదిగా చదివే బిడ్డకు ఆ గంట అదనం అక్కడే కరిగిపోతుంది. ఐసీఎస్ఈ కూడా రెండో భాష మినహాయింపు, అదనపు సమయం ఇస్తుంది, అయితే ఇంగ్లీషు సాహిత్యం బరువు మోయగలరో లేదో చూసుకోవాలి.

కేంద్రం నడిపే ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్‌కు మన దగ్గర చెడ్డపేరు ఉంది, అన్యాయంగా. అయిదు సబ్జెక్టులు, అందులో భాష ఒకటి ఉంటే చాలు. లెక్కలు తప్పనిసరి కాదు. పదో తరగతికి తెలుగు మాధ్యమం ఉంది. రిజిస్ట్రేషన్ అయిదేళ్లు చెల్లుతుంది, తొమ్మిది అవకాశాలుంటాయి, ఒకసారి పాసైన సబ్జెక్టు నిలిచే ఉంటుంది. ఏడాదికి రెండు సబ్జెక్టులు చొప్పున నింపాదిగా రాసే బిడ్డను చూస్తే, ఆరు పేపర్లు వరుసగా రాయడమే చదువని మనం ఎందుకు అనుకుంటున్నామో అనిపిస్తుంది. లోపం బోర్డులో లేదు, ఇంట్లో ఉంది. బడి గంట లేని ఇంట్లో ఒంటరిగా కూర్చుని పుస్తకం చదవాలి, చదవడమే కష్టమైన బిడ్డ. రోజూ వెళ్లే చోటు, పక్కన కూర్చునే నలుగురు లేకుండా ఓపెన్ స్కూల్లో వేయవద్దు. తొమ్మిదో తరగతి మొదట్లో ఆలోచించి వెళ్లడం ఎంపిక, పదో తరగతి ప్రీఫైనల్ తర్వాత వెళ్లడం పారిపోవడం. ఆ తేడా పిల్లలకు తెలుస్తుంది. రాష్ట్రాల ఓపెన్ స్కూళ్లు ఊరికి దగ్గర, ఖర్చు తక్కువ.

ధ్రువపత్రం తీసుకోవాలా?

ప్రైవేటు సైకాలజిస్టు నివేదిక బడిలో రాయితీలకు, పాఠం ఎలా చెప్పాలో తెలుసుకోవడానికి పనికొస్తుంది. పెద్ద పరీక్షలకు, రిజర్వేషన్‌కు ప్రభుత్వ వైద్యాధికారుల పత్రమే కావాలి. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్లు నిండాకే పత్రం ఇస్తారు, 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్ష చేస్తారు, 18 ఏళ్లకు ఇచ్చింది జీవితాంతం చెల్లుతుంది. 14 ఏళ్ల పరీక్షను మరిచిపోయి పదో తరగతిలో పాత పత్రం పట్టుకుని పరుగెత్తినవాళ్లను చాలామందిని చూశాను. ఎనిమిదో తరగతి సెలవుల్లోనే ఆ పని ముగించండి. ఆసుపత్రిలో శిశువైద్యుడు, సైకాలజిస్టు, తెలివితేటల పరీక్ష, చదువు పరీక్ష అన్నీ అయ్యేసరికి నెలలు గడవడం మామూలే.

"పత్రం తీసుకుంటే ముద్ర పడుతుంది, రేపు అమ్మాయికి సంబంధాలు రావు" అనే భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ పత్రం లేని బిడ్డకు కూడా ముద్ర పడుతూనే ఉంది, 'మొద్దు' అని. తీసుకున్న పత్రాన్ని ఎక్కడ చూపాలో మీరే నిర్ణయించుకోవచ్చు. తీసుకోనిదాన్ని చూపలేరు.

అదనపు సమయమా, స్క్రైబా?

చదవడం నెమ్మది, చేతిరాత పరవాలేదు అంటే అదనపు సమయమే చాలు. ఆలోచన బాగుండి, రాసింది ఎవరికీ అర్థం కాకపోతే స్క్రైబ్. ప్రశ్న చదవడంలోనే సగం పోతుంటే చదివి వినిపించే మనిషి. మూడూ అడగవచ్చు కదా అని అడిగేస్తారు, కానీ స్క్రైబ్‌తో రాయించడం విడిగా నేర్చుకోవాల్సిన పని. జవాబును తలలో వరుసగా పేర్చుకోవాలి, ఎక్కడ పేరా మార్చాలో చెప్పాలి, లెక్కలో 'బ్రాకెట్ మూసెయ్యి' అనడం దాకా నోటితో నడిపించాలి. సాధన లేని బిడ్డ స్క్రైబ్ ముందు బిగుసుకుపోయి, తనే రాస్తే వచ్చే మార్కులు కూడా పోగొట్టుకుంటుంది. తొమ్మిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్ష నుంచే అలవాటు చేయించండి. 2018 ఆగస్టు మార్గదర్శకాలలో, సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు అభ్యర్థి కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని, పరీక్షకు రెండు రోజుల ముందు కలిసే వీలివ్వాలని ఉండేది. నిబంధనలు మారుతుంటాయి కనుక ఆ ఏటి నోటిఫికేషన్ చదివి తీరాలి.

పత్రంలో వైకల్యం 40 శాతం లేదు కాబట్టి స్క్రైబ్ లేదు అని ఎవరైనా అంటే, సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పును గుర్తు చేయండి. రచనకు చేయి సహకరించని సివిల్ సర్వీసుల అభ్యర్థి కేసు అది. స్క్రైబ్‌కు 40 శాతం షరతు పెట్టకూడదని కోర్టు చెప్పింది. 2022 ఆగస్టులో కేంద్రం అందుకు వేరే మార్గదర్శకాలు తెచ్చింది. అదే 2021 నవంబరులో, చేతిరాత వైకల్యమున్న నీట్ విద్యార్థినికి అదనపు గంట ఇవ్వకపోవడాన్ని కోర్టు తప్పుపట్టింది. అయినా ఆమెకు మళ్లీ పరీక్ష పెట్టలేదు. హాలుకు వెళ్లేలోపే ఉత్తర్వు కాగితం చేతిలో ఉండాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఇంటర్, ఆ తర్వాత

ఇంటర్‌లో ఇంగ్లీషు కాక ఇంకో భాష తీసుకోవడం మామూలు. మార్కుల కోసం ఊరంతా సంస్కృతం తీసుకుంటుంది. జవాబులు చాలావరకు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయవచ్చు కనుక మన పిల్లలకు కూడా అది కొంత ఊరటే, కానీ శ్లోకాలు బట్టీ పట్టగలరా అని ముందు ఒక వారం చూసి తేల్చుకోండి. రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్‌లో చేర్చేటప్పుడు ఫోను లోపలికి రానివ్వరని తెలుసుకోండి. పాఠాన్ని చదివి వినిపించే, మాటను టైపు చేసే ఫోను ఈ పిల్లలకు కళ్లజోడు వంటిది. దాని విషయం రాతపూర్వకంగా ఒప్పించాకే ఫీజు కట్టండి. లేదా ఇంటి నుంచి వెళ్లివచ్చే కాలేజీ చూడండి. పాలిటెక్నిక్‌ను రెండో రకం చదువుగా చూడటం మాని, వర్క్‌షాపులో చేతితో నేర్చుకునే బిడ్డకు అది మొదటి రకమేమో ఆలోచించండి.

వైకల్యం 40 శాతం, ఆ పైన ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు వికలాంగుల కోటాలో ఉంటాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్న 4 శాతంలో, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలతో కలిసి ఒకే ఒక శాతాన్ని పంచుకుంటాయి. పోటీ ఎంతో దాన్నిబట్టే తెలుస్తుంది. ప్రైవేటు ఉద్యోగంలో మొదటి ఇంటర్వ్యూలోనే చెప్పాలా అని అడుగుతారు. రాత పరీక్షలో సమయం కావాలంటే ముందే చెప్పాలి. అక్కర్లేకపోతే చేరాక, పెద్ద నివేదికలు చదవాల్సిన పని మీద పడినప్పుడు, "నాకు ఇది ఒక రోజు ముందు పంపండి" అని మొదలుపెట్టినా సరిపోతుంది.